కార్డు మూలన ఎర్రచుక్క

అమ్మ ఆస్పత్రికి కంప్యూటర్ కావాలని అమ్మ అనుకోలేదు. నేననుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్న లెక్క ఎలాగూ వస్తుంది.

రేపల్లెలో అమ్మది చిన్న ఆస్పత్రి. రెండు గదులు, ఒక వరండా, నాలుగు మంచాలు. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఆ తర్వాత డీజీవో చేసి 1991లో పెట్టింది. బోర్డు మీద ‘స్త్రీల వైద్య నిపుణులు’ అని ఉంటుంది గానీ, ఆడవాళ్ళ వెంట వాళ్ళ పిల్లలూ, పిల్లల వెంట ముసలివాళ్ళూ వస్తారు. అందర్నీ చూస్తుంది. వరండాలో బల్ల వెనకాల కాంపౌండర్ బాబాయ్ కూర్చుంటాడు. ఆయన అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. పేషెంట్లకీ బాబాయే, నాకూ బాబాయే.

2022 ఆగస్టులో బాబాయ్‌కి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు వారాలు రాలేదు. ఆ రెండు వారాల్లో ఆస్పత్రి దాదాపు ఆగిపోయింది. కారణం కార్డులు. అమ్మ ప్రతి పేషెంటుకీ ఒక అట్ట కార్డు రాస్తుంది. అవన్నీ చెప్పుల డబ్బాల్లో ఉంటాయి. పేటేరు డబ్బా, నిజాంపట్నం డబ్బా, నగరం డబ్బా, భట్టిప్రోలు డబ్బా. అక్షర క్రమం లేదు, నంబర్లు లేవు. డబ్బాలో కార్డుల వరస ఏమిటని ఫోన్ చేసి అడిగితే, కంటికి కట్టుతో పడుకుని ఉన్న బాబాయ్, “బస్సు దిగి ఊళ్ళోకి నడుచుకుంటా పోతే ఏ ఇల్లు ముందొస్తదో ఆ వరస పాపా” అన్నాడు. ఆ ఊళ్ళలో నేనెప్పుడూ బస్సు దిగలేదు.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అప్పటికింకా ఇంటినుంచే పని. ఇతరులు కట్టినదాంట్లో తప్పులు వెతకడానికి నాకు జీతమిస్తారు. ఒక మనిషి బుర్రలో తప్ప ఇంకెక్కడా లేని వ్యవస్థ చూస్తే నాకు నిద్ర పట్టదు. “బాబాయ్‌కి ఏమన్నా అయితే?” అన్నాను అమ్మతో. “నాకేమన్నా అయితే అని అడగవేమే?” అంది అమ్మ. అప్పటికి తనకి 63.

సరే, చూడు అంది. ఆ రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాను. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చడానికి 41 అంశాలు రాసుకున్నాను. బిల్లింగ్, మందుల స్టాకు, ఎక్స్‌పైరీ తేదీలు, ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్‌కి ఫారం ఎఫ్, బ్యాకప్, ధర. అమ్మని కూడా అడిగాను. తను మూడే చెప్పింది. కరెంటు పోయినా ఆగకూడదు. పేషెంట్ మొహం చూడాల్సిన టైములో నేను తెర చూస్తూ కూచోకూడదు. రేపు నా కుర్చీలో ఇంకో డాక్టరు కూచుంటే, చూసి అర్థం చేసుకునేట్టు ఉండాలి. మూడోదాని గురించి ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. నేను డాక్టర్ని కాలేదన్న మాట మా ఇంట్లో ఇట్లాంటి వాక్యాల వెనకాల ఉంటుంది.

డెమోలు మొదలయ్యాయి. మొదటిది పెద్ద ఆస్పత్రులకి తయారుచేసింది. తెరవగానే ఐసీయూలో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో రంగు రంగుల చక్రాల్లో చూపించింది. అమ్మ తన నాలుగు మంచాల వైపు ఓసారి చూసి నవ్వింది. రెండోది పూర్తిగా ఆన్‌లైన్, నెల నెలా చందా కట్టాలి, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూడోది ఒకసారి డబ్బు కడితే చాలు, కానీ అది ఆడే కంప్యూటర్ చచ్చిపోతే దాంతోపాటు చచ్చిపోతుంది.

ఉచితంగా దొరికేవి కూడా చూశాను. ఓపెన్‌ఎమ్మారెస్ అని ఒకటుంది. 2004లో మొదలైంది, కెన్యాలో హెచ్ఐవీ రోగుల వైద్యం కోసం పెరిగింది. దాని మీద కట్టిన బామ్నీని మన దేశంలోనే, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారి అనే పల్లెలో ఉన్న ఆస్పత్రి కోసం తయారుచేశారు. గొప్ప పని. కానీ దాన్ని నిలబెట్టడానికి మనిషి కావాలి, మాకున్న మనిషి కంటికి కట్టుతో ఉన్నాడు. ఇంకోటి ఓపెన్‌ఈఎమ్మార్. దాన్ని నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి ఒక పూట నడిపాను. మొహం పాతకాలపు బ్యాంకు తెరలా ఉంది. నా షీట్‌లో ‘చూడ్డానికి ఎలా ఉంది’ అన్న గడిలో పదికి మూడు వేసి పక్కన పెట్టాను.

ఈ పనిలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, ప్రతి సాఫ్ట్‌వేరూ మనిషంటే ఏమిటో ముందే ఒక నిర్ణయానికొచ్చి ఉంటుంది. మనిషికి ముందు పేరు, వెనక పేరు ఉంటాయి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, అది చాలామంది చెప్పరు కూడా. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ‘కేఎస్‌హెచ్’ పెట్టి రాస్తారు, ఇంకొకరు ‘ఎక్స్’ పెట్టి రాస్తారు. పేటేరు డబ్బాలోనే వెంకటలక్ష్ములు ఆరుగురు. మనిషికి పుట్టిన తేదీ ఉంటుంది. మా పేషెంట్లలో ఒకామె, “ఉప్పెనప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నానంట” అని చెప్పుకుంటుంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన అది. దాన్నిబట్టి వయసు లెక్కేయడం అమ్మకి క్షణం పని. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తేదీ వేస్తే గానీ తర్వాతి పేజీ రాదు. చివరికి ఆమెకీ, ఆమెలాంటి ఎంతోమందికీ జనవరి 1 అని కొట్టాను. మనిషికి జిల్లా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో మేం గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వచ్చాం. రెండు సాఫ్ట్‌వేర్లలో బాపట్ల అన్న జిల్లాయే లేదు.

ఇక తెలుగు. మందుల చీటీ మీద ‘పరగడుపున’, ‘అన్నం తిన్నాక’ అని అచ్చు వేయిద్దామని నా ఆశ. ఒకదాంట్లో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. ఇంకొకదాంట్లో తెలుగు ఉన్న చోటల్లా చతురస్రాలు వచ్చాయి. అమ్మ చీటీ మీద చదువు రానివాళ్ళకి సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ గీస్తుంది. వాటికి ఏ ఫాంటూ అక్కర్లేదు.

అన్నీ కూడితే రెండోదానికి, అంటే ఆ ముచ్చటైన ఆన్‌లైన్ దానికి, ఎక్కువ మార్కులు వచ్చాయి. 30 రోజులు ఉచితంగా వాడి చూడమన్నారు. నేనూ, సెలవులకొచ్చిన పక్కింటి డిగ్రీ అమ్మాయీ కలిసి కార్డులు ఎక్కించడం మొదలుపెట్టాం. ఆరొందలు దాకా ఎక్కించాం.

అమ్మ కార్డులు చదవడం నాకదే మొదటిసారి. లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు 1968లో ఒక వ్యాసం రాశాడు. పేషెంట్ రికార్డు డాక్టరు దినచర్యలా కాకుండా, ఆ మనిషికున్న సమస్యల జాబితా చుట్టూ ఉండాలని వాదించాడు. ఇవాళ్టి వైద్య సాఫ్ట్‌వేర్లన్నిటిలో కనిపించే ‘ప్రాబ్లెమ్ లిస్ట్’కి మూలం అదే. అమ్మ ఆ వ్యాసం చదవలేదు. కానీ ప్రతి కార్డు పైవరసలో నాలుగు ముక్కలు ఉన్నాయి. ‘రక్తం తక్కువ. రెండు సిజేరియన్లు. సల్ఫా పడదు. భర్త తాగుతాడు.’ నాలుగోది ఏ గడిలో కొట్టాలో మాకు తెలియలేదు. వదిలేశాం.

కొన్ని కార్డుల కుడి మూలన ఎర్ర పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంది. బాబాయ్ అప్పటికి నల్లద్దాలు పెట్టుకుని మళ్ళీ వస్తున్నాడు. ఏంటిదని అడిగాను. “అది అమ్మగారి గుర్తు పాపా, మనకెందుకు” అన్నాడు. అమ్మని అడుగుదామనుకున్నాను. ఓపీ రద్దీలో మర్చిపోయాను. నా ఉద్యోగంలో ఇలా ఒక గుర్తు అర్థం కాకుండా ముందుకెళ్ళిపోతే దాన్ని తప్పు అంటారు. నేను ఎదుటివాళ్ళ మీద అలాంటివి రోజూ రాస్తాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే, మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు దగ్గరపడగానే పేషెంట్ ఫోనుకి దానంతటదే మెసేజ్ వెళ్తుంది. బీపీ మందులు మధ్యలో ఆపేసేవాళ్ళని తలుచుకుని, గర్భిణులు నెల చెకప్ మర్చిపోవడం తలుచుకుని, ఎంతో మంచి పని చేస్తున్నానన్న నమ్మకంతో నొక్కాను.

ఎనిమిదో రోజు ఉదయం పదిన్నరకి వరండాలో కేకలు. ఒక అత్తగారు, ఆమె కొడుకు, వెనకాల కోడలు. కోడలికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఎనిమిది నెలలు. ఆరు వారాల కిందట పుట్టింటికని బయల్దేరి, దారిలో మా ఆస్పత్రిలో ఆగి కాపర్ టీ వేయించుకుంది. ఆరు వారాలకి ఒకసారి చూపించుకోవాలి. ఆ సంగతే సాఫ్ట్‌వేర్ గుర్తుచేసింది. మర్యాదగా, ఆమె పేరుతో, ఏం వేయించుకుందో పేరు పెట్టి మరీ. ఫోన్ నంబర్ గడిలో ఉన్నది వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క నంబరు. ఆ ఫోను ఆయన జేబులో ఉంటుంది.

అమ్మ వాళ్ళని లోపలికి పిలిచింది. ఆ పిల్లకి రక్తం ఎంత తక్కువుందో, వెంటనే ఇంకో కాన్పు అయితే ఏమవుతుందో చాలాసేపు చెప్పింది. తలుపు ఇవతల ఉన్న నాకు అత్తగారి గొంతు మాత్రమే వినబడింది. “మాకు చెప్పకుండా ఎట్టా ఏస్తారు?” తర్వాత కాసేపు ఎవరి గొంతూ వినబడలేదు. తర్వాత ఆ పిల్ల, “తీసెయ్యండి మేడమ్” అంది.

అమ్మ వాళ్ళిద్దర్నీ బయటికి పంపి, తలుపేసి, ఇది నీ మాటేనా అని మళ్ళీ అడిగిందట. గోడకేసి చూస్తూ మళ్ళీ అదే చెప్పిందట. తీసేసింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చుక్క గురించి చెప్పింది. తొంభైల్లో పేషెంట్లు పీపీ నంబర్లు ఇచ్చేవాళ్ళు. అంటే పక్కింటివాళ్ళదో, కిరాణా కొట్టువాళ్ళదో ఫోను. ఒకసారి అమ్మ ఒకామె రిపోర్టు వచ్చిందని అలా ఫోన్ చేస్తే, కొట్టతను రిపోర్టు ఏమిటో కనుక్కుని మరీ కబురు చెప్పాడట. ఆ రోజునుంచి చుక్క. “చుక్క ఉంటే ఇంటికి కబురు పంపకూడదు. బాబాయ్‌కి అంతే తెలుసు. ఎందుకో అతనికి నేను చెప్పలేదు, అతను అడగలేదు. ముప్పయ్యేళ్ళయింది” అంది. ఆ పిల్ల కార్డు తీసి చూశాను. చుక్క ఉంది.

మెసేజ్ మీట ఆపేశాను, ఎక్కించినవన్నీ తీయించేశాను. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే వాళ్ళు చెప్పింది నిజమే. మీట నొక్కింది నేనే. నంబర్ ఎక్కించింది నేనే. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే పనిచేసింది, దాంట్లో బగ్ లేదు. కానీ ఒక ఫోన్ నంబరంటే ఒక మనిషి అనే నమ్మకం మీద కట్టిన ఇల్లు అది. నేనూ అదే నమ్మకంలో బతుకుతున్నాను కాబట్టి నాకు ఆ పునాది కనబడలేదు.

తర్వాత కొన్నాళ్ళు చట్టాలు చదివాను. అపరాధభావం ఉన్నవాళ్ళకి చదవడం ఒక పని. గర్భస్రావాల చట్టం 1971ది. దాని కింద 2003లో వచ్చిన నిబంధనల్లో ఒక పద్ధతి ఉంది. వచ్చిన స్త్రీ పేరు ఒక్క అడ్మిషన్ రిజిస్టరులోనే రాయాలి, అది తాళం కింద ఉండాలి. కేస్ షీట్లో పేరుండదు, వరస నంబరే ఉంటుంది. కంప్యూటర్ ప్రస్తావన లేకుండా, ఉత్త కాగితాలతో, ఎవరి కంట ఏది పడాలో ఎంత జాగ్రత్తగా ఆలోచించారో చూస్తే ముచ్చటేసింది. అమ్మ చుక్క కూడా ఆ కుటుంబానికి చెందిందే.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా నంబరు, మన రికార్డు మన అనుమతితోనే ఎక్కడికైనా వెళ్తుంది. దాన్ని నేను కొట్టిపారేయను. అర్ధరాత్రి ఫిట్స్ వచ్చిన గర్భిణిని రేపల్లె నుంచి గుంటూరు పంపినప్పుడు, ఆమె బీపీ చరిత్ర ఆమె కంటే ముందు అక్కడికి చేరితే ప్రాణం నిలబడొచ్చు. అమ్మకి ఆ విలువ నా కంటే బాగా తెలుసు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అదీ అనుమతి మీదే నిలబడింది. కానీ అనుమతి ఇవ్వడమంటే చాలాచోట్ల ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పడమే. ఆ ఫోను ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న దగ్గరే నేను మళ్ళీ ఆగిపోతున్నాను.

డిసెంబరులో షీట్ మళ్ళీ తెరిచాను. 41 అంశాలు పక్కన పెట్టి, అమ్మ మూడింటికీ నాలుగోది చేర్చాను. ‘నోరు మూసుకుని ఉండగలదా?’ అన్నిటినీ ఆ ఒక్క ప్రశ్నతో మళ్ళీ చూసుకుంటూ వస్తే, నేను పదికి మూడు వేసిన ఓపెన్‌ఈఎమ్మార్‌లో, పేషెంట్ వివరాల పేజీలో, నేను మొదటిసారి చూడకుండా దాటేసిన గడులు కొన్ని కనబడ్డాయి. ఫోన్‌లో కబురు చెప్పొచ్చా? ఉత్తరం పంపొచ్చా? ఎస్సెమ్మెస్ పంపొచ్చా? చివరగా, కబురు ఎవరికి చెప్పాలి? అమెరికాలో 1996లో వచ్చిన రోగుల గోప్యత చట్టం పుణ్యమా అని ఎవరో ఎప్పుడో పెట్టిన గడులు అవి. ఎక్కడో ఒక కోడర్, మా అమ్మ, ఒకరికొకరు తెలియకుండా ఒకే చుక్క పెట్టారు. నేను రంగులు బాగాలేవని దాటేశాను.

ఇప్పుడదే వాడుతున్నాం. ఆస్పత్రిలోనే ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, యూపీఎస్ ఉంది. రోజూ రాత్రి రెండు హార్డ్ డిస్కుల్లోకి బ్యాకప్. ఒకటి ఆస్పత్రిలో, ఒకటి ఇంట్లో బీరువాలో. మెసేజ్‌లు ఎవరికీ వెళ్ళవు. మందుల చీటీకి సూర్యుడు, చందమామ రబ్బరు స్టాంపులు చేయించాం. కార్డులు పారేయలేదు. తెర అమ్మకి ఎదురుగా కాకుండా పక్క బల్ల మీద ఉంది. పేషెంట్ వెళ్ళాక బాబాయో సిస్టరో ఎక్కిస్తారు. బాబాయ్ రెండు వేళ్ళతో కొడతాడు. ఊరి పేరు గడిలో ఊరితో పాటు ‘బస్టాండు నించి మూడో ఇల్లు’ అని కూడా రాస్తాడు. వద్దనలేదు.

‘కబురు ఎవరికి చెప్పాలి’ గడి మాత్రం బాబాయ్ ముట్టుకోడు. ఆ ప్రశ్న వరండాలో, పక్కన భర్తో అత్తో నిలబడి ఉండగా అడిగేది కాదని అమ్మ చెప్పింది. కర్టెన్ లోపల తనే అడుగుతుంది. నేననుకున్న దానికంటే చాలా ఎక్కువమంది ‘ఎవరికీ వద్దు’ అన్నారు.

ఆ పిల్ల నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది, గర్భంతో. కార్డు మీద అమ్మ అక్షరాలు మామూలు కంటే చిన్నవిగా ఉన్నాయి. నెలలు నిండేలోగా రెండుసార్లు రక్తం ఎక్కించాల్సొచ్చింది, కాన్పు గుంటూరులో అయింది. ఇద్దరూ బాగున్నారు. బాగున్నారు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. అమ్మ ఇది చదివి ఇంకో రెండు వాక్యాలు కొట్టేసింది.

పోయిన సంక్రాంతికి నేనింటికెళ్ళినప్పుడు ఆమె ఓపీకి వచ్చింది. పిల్లల ఆపరేషన్ గురించి కనుక్కోవడానికి, ఒక్కతే. నేను తెర దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు, నేను తలెత్తలేదు. అన్నీ మాట్లాడాక అమ్మ అడిగింది, రోజు ఖాయమయ్యాక కబురు ఎవరికి చెప్పమంటావమ్మా అని.

“ఎవరికీ చెప్పబాకండి మేడమ్. నేనే వస్తా.”

నేను ఆ గడిలో అదే కొట్టాను.